వైపర్ మోటార్లతో కోవిడ్ వార్డు బండి: చేసుకునే పద్ధతి

కర్నూలులో నాది మోటార్ వైండింగ్ షాపు. 2020 ఎండాకాలంలో ఊరు రెడ్ జోన్, షాపు షట్టర్ కిందికి. మా చెల్లెలు నర్సు, ఒక హాస్టల్లో పెట్టిన కోవిడ్ కేంద్రంలో డ్యూటీ. ఒక రాత్రి ఫోన్ చేసి, "అన్నా, నీళ్ల బాటిలు ఇయ్యాలన్నా పీపీఈ తొడుక్కోవాల. బయటికొచ్చేసరికి సాక్సులు పిండుకోవాల్సొస్తాంది" అనింది. ఆ మాట మీద మొదలైంది ఈ బండి: వార్డు బయట నిలబడి రిమోటుతో నడిపే మోత బండి. మళ్లీ అట్లాంటి రోగం వస్తే మీ ఊర్లోనూ ఎవరన్నా చేసుకుంటారని రాస్తున్నా.

మోటార్ల కన్నా ముందు ఒక నోటుబుక్కు కొనండి. ఒక రోజంతా వార్డులోకి ఎవరు పోతున్నారో, ఎందుకు పోతున్నారో రాయించండి. మా చెల్లెలు రాస్తే రెండు పేజీలు నిండినాయి. సెలైన్ పెట్టడం, నాడి చూడటం లాంటివి మనిషే చేయాల. మిగతావన్నీ మోత పనులు: టిఫిను, మాత్రలు, నీళ్లు, దుప్పట్లు, ఎవరో ఇంటినుంచి పంపిన ఫోన్ చార్జరు. బండి వీటికే. 2020లో జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో రోబోలకు, ఎర్నాకుళం మెడికల్ కాలేజీలో కర్మి-బాట్ అనే రోబోకు అప్పజెప్పింది కూడా అన్నం, మందులు మోసే పనే. తలకాయ, చేతులు పెట్టి బొమ్మను చేయాలని మనసు లాగుతుంది. వద్దు. తుడవాల్సిన సందులు పెరుగుతాయి.

సామాను: పాత కారు వైపర్ మోటార్లు రెండు, 12 వోల్టుల బ్యాటరీ, ఒక్కో మోటారుకు ఒక డ్రైవర్ బోర్డు (మోటారును ముందుకూ వెనక్కూ తిప్పే సర్క్యూటు), బొమ్మ విమానాలకు వాడే రిమోటు, స్టీలు అరలున్న ట్రాలీ, ఒక పాత ఫోను. బ్యాటరీ అడుగు అరలోనే పెట్టండి, బండి తూలదు. చక్రం 6 అంగుళాలదైతే ఒక చుట్టుకు 48 సెంటీమీటర్లు పోతుంది. నిమిషానికి 45 చుట్లు తిరిగితే 21 మీటర్ల పైచిలుకు. ముసలాయన నడకంత. అంతకంటే వేగం వద్దు, చారు ఒలుకుతుంది. వైపర్ మోటారులో వర్మ్ గేరు (చక్రం పక్కనుంచి తోస్తే తిరగని మరలాంటి గేరు) ఉంటుంది కాబట్టి ర్యాంపు మీద కరెంటు పోయినా బండి వెనక్కి జారదు.

ఇక్కడ ఒకటి జాగ్రత్త. చాలా వైపర్ మోటార్లలో ఒక బ్రష్షు (లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్క) బాడీకే ఎర్త్ అయి ఉంటుంది. కార్లో అది ఒకే పక్కకు తిరుగుతుంది, ఇబ్బంది లేదు. మన బండి మలుపు తిరగాలంటే ఒక మోటారు ముందుకు, ఇంకోటి వెనక్కి తిరగాల. రెండూ ఒకే ఇనుప ఫ్రేముకు బిగిస్తే ఒకదాని బాడీ ప్లస్, రెండోదాని బాడీ మైనస్. ఫ్రేమే షార్ట్. నా మొదటి బోర్డు అట్లే పొగలొచ్చి పోయింది. ఇన్నేళ్ల వైండింగ్ ఏమైపోయిందో ఆ పొద్దు! మా పిల్లోడు ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. మోటారు మూత తీసి, ఆ ఎర్త్ తెంపి, బ్రష్షు నుంచి వేరే వైరు బయటికి లాగండి. వైరుకూ బాడీకీ మధ్య మల్టీమీటరు కూయకుంటేనే కరెంటివ్వండి.

రెండో దెబ్బ నేల కొట్టింది. మన దగ్గర నేలంతా నాపరాయి. రాయికీ రాయికీ మధ్య సిమెంటు లేచిపోయిన చోట ముందరి చిన్న చక్రం దిగబడి బండి బొక్కబోర్లా పడింది, వార్డంతా పప్పుచారు. దాంతో ముందర 4 అంగుళాల రబ్బరు చక్రాలు వేసి, దారి పొడుగూతా సందులు సిమెంటుతో పూడ్పించినా. రోబో చేసే ముందు దారిలో వట్టి ట్రాలీ ఒకసారి తోసి చూస్తే ఆ చారు మిగిలేది.

ఫోన్‌ను మంచం మీద కూర్చున్న మనిషి ముఖం ఎత్తులో కట్టి వీడియో కాల్‌లో పెట్టండి. మొదటి రోజు ఆలూరు పక్కనుంచి వచ్చిన ఒక అవ్వ బండిని చూసి మంచం మీదికి కాళ్లు ముడుచుకుంది. "ఎవురప్పా ఆ డబ్బాలో?" మా చెల్లెలు ఫోన్లోంచి, "నేనే అవ్వా, పై అరలో నీ బీపీ మాత్ర ఉంది, తీసుకో" అన్నాక చేయి చాపింది. రికార్డు చేసిన గొంతు పెట్టి చూసినాం. ఎవరూ పట్టించుకోలేదు.

బండిని తుడవకుంటే అదే రోగాన్ని మోస్తుంది. నేలకు వాడే బ్లీచింగ్ లాంటి మందు, 1 శాతం హైపోక్లోరైట్, ఇనుమును, అల్యూమినియంను తింటుంది. అందుకే స్విచ్ ఆపి, 70 శాతం ఆల్కహాలు తడిపిన గుడ్డతో అరలు, పిడి, చక్రాలు తుడిచి, ఆరినాకనే ఆన్ చేయండి. వార్డు గడప దగ్గర పసుపు గీత గీయించండి. లోపలికి పోయిన బండి తుడవకుండా గీత ఇవతలికి రాకూడదు.

క్రిములను చంపే అల్ట్రావయొలెట్ ట్యూబులు పెడదామా అని కొందరు అడిగినారు. 2020లో వూహాన్ ఆసుపత్రులకు అట్లాంటి ట్యూబులున్న డెన్మార్క్ రోబోలు పోయినాయి, నిజమే. కానీ ఆ కాంతి కళ్లను, చర్మాన్ని కాలుస్తుంది, నీడ పడిన చోట పనిచేయదు. ఇంట్లో చేసుకునేది కాదు. మనుషుల మీద మందు చల్లే గేట్లు అసలే వద్దు, కేంద్ర ఆరోగ్య శాఖే 2020 ఏప్రిల్‌లో వద్దని చెప్పింది.

పని లేని కాలంలో బ్యాటరీని నెలకొకసారి చార్జింగ్‌లో పెట్టండి, లేకుంటే చచ్చిపోతుంది. నాది షాపు మూలన ఉంది, ఇప్పుడు రాగి తీగ చుట్టలు మోస్తాంది.