ఎంఆర్‌పీ లెక్క తప్పినప్పుడు: లక్షణం నుంచి సవరణ దాకా

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి ప్రాంతాల్లోని మధ్యతరహా కర్మాగారాల్లో ఈఆర్‌పీ (కొనుగోలు, నిల్వ, ఉత్పత్తి లెక్కలన్నిటినీ కలిపే సాఫ్ట్‌వేర్) పెట్టిన ఏడాదికల్లా దాదాపు ఒకే ఫిర్యాదు వినిపిస్తుంది. వ్యవస్థ కొనమన్న సరుకు ర్యాక్‌లోనే ఉంటుంది, ఉందని చూపిన సరుకు కోసం అసెంబ్లీ ఆగిపోతుంది. అప్పుడు ప్లానింగ్ విభాగంలో ఎవరో ఒకరు సొంతంగా ఎక్సెల్ షీటు తెరుస్తారు, పర్చేజ్ వాళ్లు ఆ షీటునే నమ్మడం మొదలుపెడతారు. రెండు లెక్కలు నడిచే చోట ఏ ఒక్కటీ సరిగా ఉండదు కాబట్టి, షీటు తెరిచే ముందు ఈ వ్యాసంలో చెప్పిన పద్ధతిలో తప్పు ఎక్కడుందో వెతకమని నా విన్నపం.

ఇక్కడ ఎంఆర్‌పీ అంటే ప్యాకెట్ మీద ముద్రించే గరిష్ఠ చిల్లర ధర కాదు, ఈఆర్‌పీలో ముడిసరుకుల అవసరాన్ని లెక్కగట్టే పద్ధతి. 1960లలో అమెరికాలో జోసెఫ్ ఓర్లికీ వంటివారు దీనికి రూపమిచ్చారు. పూర్తయిన యంత్రానికి ఎంత గిరాకీ ఉంటుందో అంచనా వేయవలసి వస్తుంది గానీ, అందులోని బోల్టులు ఎన్ని కావాలో అంచనా వేయనక్కర్లేదు, లెక్కగట్టవచ్చు అన్నదే దీని మూలసూత్రం. ఎన్ని కావాలి, చేతిలో ఎన్ని ఉన్నాయి, ఎన్ని వస్తున్నాయి, ఎప్పటికి వస్తాయి అన్న నాలుగు సంగతులు తప్ప వ్యవస్థకు మరేమీ తెలియదు. కనుక ఫలితం తప్పయితే ఈ నాలుగింటిలో ఒకటి తప్పుగా నమోదైందన్నమాట. ముందుగా తేడా వచ్చిన ఒక్క ఐటమ్‌ను తీసుకుని, దాని నిల్వ–అవసరాల జాబితాను (ఎస్‌ఏపీ అనే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌లో అయితే ఎండీ04 తెర) వరుస వరుసగా చదవండి. ఏ వరుస మీ కర్మాగారంలోని వాస్తవంతో సరిపోలడం లేదో, తప్పు అక్కడుంది.

లక్షణం: ర్యాక్‌లో ఉన్నదాన్ని కొనమంటోంది, లేదా లేనిదాన్ని ఉందంటోంది

సరుకు ఉన్నా కొనమంటే, అది గేటు దాటి వచ్చినా జీఆర్‌ఎన్ (సరుకు అందినట్లు నమోదు) పడలేదేమో, జీఆర్‌ఎన్ పడినా తనిఖీ నిల్వలో ఆగి ఉందేమో, లేక ప్లానింగ్ లెక్కలోకి రాని గోదాము పేరున ఉందేమో చూడండి. ఈ మూడింటినీ అదే రోజు సరిచేయవచ్చు. లేనిదాన్ని ఉందంటే మాత్రం కారణం ఎక్కువగా రాత్రి షిఫ్ట్‌లో దొరుకుతుంది. స్టోర్స్‌లో గుమస్తా లేని వేళ సూపర్‌వైజర్ స్లిప్పు రాయకుండానే సరుకు తీసుకుంటాడు. అతనికి మెషీన్ ఆగకూడదు, అతని తప్పేమీ లేదు. రాత్రి షిఫ్ట్‌కు కూడా ఇష్యూ చేసే మనిషి లేకపోవడం యాజమాన్యం సరిదిద్దవలసిన లోపం.

నిల్వల లెక్క 95 శాతం సరిగా ఉంటే చాలు కదా అని చాలామంది అంటారు. పది విడిభాగాలతో తయారయ్యే అసెంబ్లీకి ఒక్కొక్క భాగం లెక్క సరిగా ఉండే అవకాశం 95 శాతమైతే, పదీ ఒకేసారి సరిగా ఉండే అవకాశం దాదాపు 60 శాతమే. ఇరవై భాగాలైతే అది 36 శాతానికి పడిపోతుంది. సంవత్సరాంతపు లెక్కింపు ఆడిటర్‌కు సరిపోవచ్చు గానీ ప్లానింగ్‌కు సరిపోదు. ఖరీదైన, వేగంగా కదిలే ఐటమ్‌లను కొన్ని చొప్పున రోజూ లెక్కించి, తేడా కనబడిన రోజే దాని కారణాన్ని రాసి పెట్టాలి. కారణం తెలియకుండా అంకెను మాత్రమే సర్దితే వచ్చే నెల అదే తేడా మళ్లీ వస్తుంది.

లక్షణం: జాబ్ వర్క్‌కు వెళ్లిన సరుకు లెక్కలో మాయమవుతోంది

జాబ్ వర్క్ అంటే మన సరుకు మీద బయటివారి చేత చేయించే పని. మన దగ్గర అత్యధికంగా దెబ్బతినేది ఈ చోటే. హీట్ ట్రీట్‌మెంట్‌కు ఒక చోటికి, ప్లేటింగ్‌కు మరో చోటికి, గ్రైండింగ్‌కు పక్క వీధికి సరుకు వెళ్తుంది. డెలివరీ చలాన్ చేత్తో రాసి పంపేస్తారు, వ్యవస్థలో అది సొంత స్టోర్స్‌లోనే ఉన్నట్లు కనిపిస్తుంది. కొన్ని చోట్ల దీనికి విరుద్ధంగా, పంపిన రోజే ఖర్చయినట్లు రాసేస్తారు. మొదటి పద్ధతిలో లేని సరుకు మీద ఆధారపడి ప్లాన్ తయారవుతుంది, రెండో పద్ధతిలో ఉన్న సరుకునే మళ్లీ కొంటారు.

ప్రతి జాబ్ వర్కర్‌కూ వ్యవస్థలో ఒక నిల్వస్థానం తెరిచి, చలాన్ అక్కడినుంచే పుట్టేలా చేయడం దీనికి పరిష్కారం. ఎస్‌ఏపీ వాడేవారు 541 అనే సరుకు కదలిక కోడ్‌తో సరుకును సబ్‌కాంట్రాక్టర్ నిల్వకు మార్చితే, పనైన భాగాన్ని స్వీకరించేటప్పుడు 543 కింద ఖర్చు దానంతటదే నమోదవుతుంది. జాబ్ వర్కర్ దగ్గర మిగిలిన తుక్కునూ, రిజెక్షన్‌నూ నెలకొకసారి అతనితో కూర్చుని సరిపోల్చుకోవాలి. దీనికి పన్ను కోణం కూడా ఉంది. 2017 నాటి సీజీఎస్‌టీ చట్టం 143వ సెక్షన్ ప్రకారం, జాబ్ వర్క్‌కు పంపిన ముడిసరుకు సాధారణంగా ఏడాదిలోగా వెనక్కి రావాలి, రాకపోతే పంపిన రోజునే దాన్ని సరఫరా చేసినట్లు భావించి పన్ను పడుతుంది.

లక్షణం: ప్రతి లాట్ చివర్లో ఉక్కు బార్ చాలడం లేదు

కొనేది కిలోల్లో, కోసేది మిల్లీమీటర్లలో, లెక్కించేది పీసుల్లో. గుండ్రని ఉక్కు బార్ బరువు మీటరుకు వ్యాసం వర్గాన్ని 162తో భాగించినంత అన్నది ప్రతి వర్క్‌షాప్‌కూ తెలిసిన సూత్రం. 50 మిల్లీమీటర్ల బార్ మీటరుకు సుమారు 15.43 కిలోలు. 120 మిల్లీమీటర్ల పీసుకు డ్రాయింగ్ చూసి 1.852 కిలోలని బీఓఎంలో (ఏ భాగానికి ఏ సరుకు ఎంత కావాలో చెప్పే జాబితాలో) రాస్తారు. కానీ ప్రతి కోతకూ రంపం 3 మిల్లీమీటర్లు తినేస్తుంది, 3 మీటర్ల బార్‌లో 24 పీసులు తీశాక 48 మిల్లీమీటర్ల ముక్క మిగిలిపోతుంది. వెయ్యి పీసులకు ఇవి రెండూ కలిసి దాదాపు 77 కిలోలవుతాయి. కనుక బార్‌ను 24తో భాగించి, పీసుకు 1.93 కిలోలని రాయాలి. రిజెక్షన్ శాతాన్ని కూడా కూడడం కాదు, భాగించాలి: 8 శాతం పోయే చోట 100 మంచి పీసులు కావాలంటే 108 చాలవు, 100ను 0.92తో భాగించి 109 మొదలుపెట్టాలి.

లక్షణం: నిల్వ లేకపోయినా కొనమని చెప్పడం లేదు

ఎప్పుడో సగం సరుకు వచ్చి ఆగిపోయిన పాత పీవోలు (కొనుగోలు ఆర్డర్లు) ఇంకా తెరిచే ఉన్నాయేమో చూడండి. మిగతా సగం రాబోతోందని వ్యవస్థ నమ్ముతూనే ఉంటుంది. వెండర్‌తో మాట్లాడి, రాదని తేలినవాటిని షార్ట్ క్లోజ్ చేయండి, అంటే మిగతా సరుకు రాకుండానే ఆర్డర్‌ను మూసేయండి.

లక్షణం: అవసరం రెట్టింపుగా కనిపిస్తోంది

నెలకు 500 అని ఫోర్‌కాస్ట్ (గిరాకీ అంచనా) పెట్టి, తర్వాత 300కు ఆర్డర్ వస్తే మొత్తం అవసరం 500గానే ఉండాలి. 800 చూపుతోందంటే ఆర్డర్లు ఫోర్‌కాస్ట్‌ను తగ్గించే అమరిక ఆ ఐటమ్‌కు పెట్టలేదని అర్థం.

లక్షణం: రోజూ తేదీలు మారుతున్నాయి, అన్నీ అర్జంటే

ఇందులో రెండు కారణాలు పెనవేసుకుని ఉంటాయి. సరుకు ఆలస్యమైన ప్రతిసారీ లీడ్ టైమ్‌ను (ఆర్డర్ పెట్టినప్పటి నుంచి సరుకు చేతికొచ్చే దాకా పట్టే వ్యవధిని) పెంచుకుంటూ పోతే ఆర్డర్లు ఇంకా ముందుగా విడుదలై, షాప్ ఫ్లోర్‌లో పని పోగుపడి, ఆలస్యం మరింత పెరుగుతుంది. గడచిన పది జీఆర్‌ఎన్‌ల అసలు తేదీలు చూసి లీడ్ టైమ్ నిర్ణయించండి. బోనాలు, బతుకమ్మ, దసరా, సంక్రాంతి సెలవులు కర్మాగారం క్యాలెండర్‌లో చేరాయో లేదో కూడా చూడండి. రెండో కారణం, సేల్స్ విభాగం చేసిన ప్రతి చిన్న మార్పూ ఆ రాత్రి రన్‌లోనే (వ్యవస్థ లెక్కనంతా మళ్లీ కట్టే పనిలోనే) కింది భాగాల దాకా దిగిపోవడం. కోత మొదలుపెట్టడానికి ముందున్న కొద్ది వారాల వ్యవధికి టైమ్ ఫెన్స్ (కాలపు కంచె) పెట్టి, ఆ లోపలి ఆర్డర్లను వ్యవస్థ తనంతట తాను మార్చకుండా చూడాలి. ఆ కంచె లోపల మార్పు కావాలంటే ప్లానింగ్ బాధ్యుడి సంతకం ఉండాలి.

ఏది సరిచేసినా వెంటనే మొత్తం ప్లాంట్‌కు రన్ వేయకండి. సరిచేసిన ఐటమ్‌కు మాత్రం విడిగా వేసి, కాగితం మీద చేత్తో కట్టిన లెక్కతో సరిపోలిందని చూసుకున్నాకే రాత్రి రన్‌లోకి వదలండి. ఆ ఐటమ్ వరుసగా నాలుగు వారాలు సరిపోలితే, ఎక్సెల్ షీటులోంచి దాని వరుసను తీసేయండి.