పందిపిల్లల మీద నా జాలి

ఎదగని పిల్లను చూస్తే జాలేసి, ఆలస్యంగా ఈనిన పంది దగ్గర వదిలేదాన్ని. ఆ ఒక్క పిల్లే అక్కడి చంటిపిల్లలన్నిటికీ పారుడు (విరేచనాల జబ్బు) అంటించేది. ఇప్పుడు తల్లిని మార్చడమంటే పుట్టిన 24 గంటల్లోపే, అదీ సొంత తల్లి జున్నుపాలు తాగాకే. కడుపులో ఉండగా పిల్లకు తల్లి నుంచి జబ్బులతో పోరాడే యాంటీబాడీలు అందవు, ఆ పాలే దిక్కు. అందుకే మొదటి 6 గంటలు అక్కడే కూర్చుంటాను. పొట్ట నిండినవాటి వీపు మీద రంగు గీత గీసి కాసేపు పక్కన పెట్టి, బక్కవాటిని చన్ను దగ్గరికి తోస్తాను. (తల్లి గుర్రుమంటుంది, అననీ.) బల్బు కింద 32–34 డిగ్రీల వెచ్చదనం ఉండాలి, ఒకదానిమీదొకటి కుప్పపడ్డాయంటే చలేస్తోందన్నమాట. 3వ రోజు ఐరన్ సూది. పందులు ఈనే గదిని ఒకేసారి ఖాళీ చేసి, కడిగి, బాగా ఆరాకే మళ్లీ నింపుతాను. రోజూ పని చంటివాటితో మొదలు, జబ్బువాటితో ఆఖరు. జబ్బు గదికి బూట్లు వేరు.