పసిబిడ్డ ఒంటి మీద చోటు మారే ఎర్ర మచ్చలు: ఎలా పోల్చుకోవాలి?

పుట్టిన రెండో రోజో మూడో రోజో బిడ్డ పొట్ట మీద, మొహం మీద దోమ కుట్టినట్టు ఎర్రటి మచ్చలు, మధ్యలో చిన్న తెల్లటి పొక్కు కనిపిస్తే ముందు టెన్షన్ పడకండి. అది ఎరిథీమా టాక్సికమ్ అయ్యుండొచ్చు, నెలలు నిండి పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మందికి వస్తుంది (పేరు వింటే గుండె జారుతుంది గానీ ఇందులో విషమేమీ లేదు).

అసలు గుర్తేంటంటే, ఈ మచ్చలు ఒక్కచోట ఉండవు. పొద్దున వీపు మీద ఉన్నవి సాయంత్రానికి మాయమై తొడ మీద తేలతాయి, డాక్టర్‌కి చూపించే వేళకి ఒక్కటీ కనపడకపోవచ్చు కాబట్టి పూటకో ఫోటో మంచి వెలుతురులో తీసి పెట్టుకోండి. ఒళ్లు చామనఛాయగా ఉంటే ఎరుపు అంతగా తెలియదు, పొక్కులే కనిపిస్తాయి. అరచేతుల్లో, అరికాళ్లలో మాత్రం సాధారణంగా రావు.

బిడ్డ చక్కగా పాలు తాగుతుంటే క్రీములు, పౌడర్లు ఏవీ వద్దు, పొక్కులు గిల్లొద్దు. వారం రెండు వారాల్లో వాటంతటవే పోతాయి.

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్‌కి చేరినా, పాలు తాగకపోయినా, నీటి పొక్కులు గుంపుగా లేచినా, వేలితో నొక్కితే ఎరుపు పోకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.