‘సైలెంట్ నైట్, డెడ్లీ నైట్’ సీక్వెల్స్ ఎలా చూడాలి?

డిసెంబరు రాగానే హారర్ అభిమానుల్లో ఎవరో ఒకరు శాంటా వేషంలో చంపే హంతకుడి కథతో మొదలైన ఈ అమెరికన్ సిరీస్ పేరు ఎత్తుతారు, మనం ఒకటి నుంచి అయిదు దాకా వరసగా చూద్దామని కూర్చుంటాం, రెండో భాగం సగంలోనే లేచిపోతాం. నంబర్ల వరసలో చూడటం వల్లే ఈ ఇబ్బంది. పాత సిరీస్‌లో అయిదు సినిమాలున్నా అసలు కథ మూడోదానితో ఆగిపోతుంది, మిగతా రెండూ ఆ పేరు పెట్టుకుని వచ్చిన వేరే కథలు. అన్నీ పెద్దవాళ్లకే, ఆడవాళ్ల మీద హింస కూడా ఉంటుంది కాబట్టి పిల్లలు పడుకున్నాకే పెట్టండి.

స్టెప్ 1: ముందు 1984 ఒరిజినల్ చూడండి

శాంటా వేషంలో వచ్చిన దొంగ తన తల్లిదండ్రుల్ని చంపుతుంటే చూసిన బిల్లీ, అనాథాశ్రమంలో మదర్ సుపీరియర్ చేతిలో దెబ్బలు తింటూ పెరుగుతాడు. పెద్దయ్యాక బొమ్మల షాపులో పనికి చేరితే అక్కడ అతనికే శాంటా డ్రెస్ వేస్తారు. ఇక గొడ్డలి పడతాడు. అమెరికాలో ఇది నవంబరు 9న విడుదలైంది. టీవీ యాడ్స్‌లో గొడ్డలి పట్టిన శాంటాని చూసి తల్లిదండ్రులు మండిపడ్డారు, థియేటర్ల ముందు నిరసనలు చేశారు, చివరికి ట్రైస్టార్ కంపెనీ సినిమాని వెనక్కి తీసుకుంది. ఈ గొడవతో వచ్చిన పేరే తర్వాతి సీక్వెల్స్‌కి పెట్టుబడి అయింది. అన్‌కట్ వెర్షన్ దొరికితే అదే చూడండి. అందులో కొన్ని షాట్లు ఉన్నట్టుండి మసకగా కనిపిస్తాయి, మీ టీవీలో లోపమేమీ లేదు, అప్పట్లో కత్తిరించిన ముక్కల్ని పాత కాపీల నుంచి తెచ్చి అతికించారు.

స్టెప్ 2: రెండో భాగానికి ముందు వారం ఆగండి

ఇది చాలా ముఖ్యం. 1987లో వచ్చిన రెండో భాగంలో దాదాపు మొదటి నలభై నిమిషాలు పాత సినిమా ఫుటేజే. బిల్లీ తమ్ముడు రికీ మెంటల్ హాస్పిటల్లో డాక్టర్ ఎదురుగా కూర్చుని అన్న కథ చెబుతుంటాడు, మనకి ఆ పాత సీన్లే కనిపిస్తాయి. నిర్మాతలు మొదట అనుకున్నది పాత సినిమానే కొత్తగా ఎడిట్ చేసి సీక్వెల్ అని అమ్మేయాలని. ఆ పనికి పిలిచిన లీ హ్యారీ కొంతైనా కొత్తగా తీద్దామని పట్టుబట్టి తనే డైరెక్ట్ చేశాడు. అందుకే ఫస్ట్ హాఫ్‌ని ఫార్వర్డ్ చేయకండి, ఒక సినిమా మొత్తాన్ని సగానికి ఎలా కుదించాడో గమనించండి, ఎడిటింగ్ మీద ఆసక్తి ఉన్నవాళ్లకి ఇది నిజంగా పాఠం.

ఆ తర్వాత సినిమా రికీగా వేసిన ఎరిక్ ఫ్రీమన్‌దే. కనుబొమ్మలు ఎగరేస్తూ, ప్రతి డైలాగునీ గట్టిగా నొక్కి పలుకుతూ, పట్టపగలు ఇళ్ల మధ్య వీధిలో తుపాకీతో నడిచే సీక్వెన్స్‌లో చెత్తడబ్బా బయట పెట్టడానికి వచ్చిన మనిషిని చూసి ‘గార్బేజ్ డే!’ అని అరిచి కాలుస్తాడు. అమెరికాలో చెత్త బండి వచ్చే రోజున డబ్బాలు రోడ్డు పక్కన పెడతారు, అదీ సందర్భం. యూట్యూబ్ వచ్చాక ఆ ఒక్క క్లిప్పే ఈ సినిమాని మళ్లీ బతికించింది. అతని నటన బాగా లేదని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. చేతిలో డబ్బు లేనప్పుడు ఒక నటుడు ఇంత తెగించి చేయబట్టే సినిమా నిలబడింది.

స్టెప్ 3: మూడు, నాలుగు పక్కన పెట్టి అయిదుకి వెళ్లండి

1991 నాటి ‘ది టాయ్ మేకర్’కి పాత కథతో పని లేదు. మనుషుల్ని చంపే బొమ్మలు, వాటిని తయారుచేసే ముసలాయన జో పెట్టో, అంతే. ఆ పాత్ర వేసిన పాతకాలం హాలీవుడ్ స్టార్ మిక్కీ రూనీ, 1984లో మొదటి సినిమాని తిట్టినవాళ్లలో ఒకరు. క్లైమాక్స్ గురించి ఎక్కడా చదవకుండా చూడండి.

స్టెప్ 4: నాలుగోది తింటూ చూడొద్దు

1990లో బ్రయాన్ యుజ్నా తీసిన ఈ సినిమాలో శాంటా హంతకుడే లేడు, లాస్ ఏంజెలెస్‌లో మంత్రగత్తెల ముఠా వెంటపడే రిపోర్టర్ కథ ఇది. పురుగులు, బొద్దింకలు విపరీతంగా ఉంటాయి. స్క్రీమింగ్ మ్యాడ్ జార్జ్ చేసిన ఎఫెక్ట్స్ కోసం చూడొచ్చు.

స్టెప్ 5: మూడోదాన్ని తీరిగ్గా ఉన్న రాత్రికి దాచుకోండి

1989లో నేరుగా వీడియో క్యాసెట్‌గా వచ్చిన దీన్ని తీసింది ‘టూ-లేన్ బ్లాక్‌టాప్’ దర్శకుడు మాంటే హెల్మన్. కోమాలో ఉన్న రికీ తల మీద పారదర్శకమైన బుర్ర టోపీ, లోపల మెదడు కనిపిస్తుంటుంది. అతని మనసుతో ఒక అంధురాలైన అమ్మాయికి లింకు పడుతుంది. చాలా నెమ్మదిగా నడుస్తుంది, హత్యల కోసం చూస్తే విసుగొస్తుంది. మొహాలు గమనిస్తూ చూడండి. రిచర్డ్ బేమర్, ఎరిక్ డా రే ఆ తర్వాత డేవిడ్ లించ్ ‘ట్విన్ పీక్స్’లో కనిపించారు, లారా హ్యారింగ్ ‘మల్‌హాలండ్ డ్రైవ్’లో హీరోయిన్లలో ఒకరు. సినిమాలో టీవీ మీద నడిచే పాత హారర్ 1963 నాటి ‘ది టెర్రర్’, హెల్మన్ దానికీ పనిచేశాడు.