ఆటల పీరియడ్‌ను తిరిగి తెచ్చుకున్న తీరు

మా అమ్మాయి చదివే ప్రభుత్వ పాఠశాలలో ఏడో తరగతి ఆటల పీరియడ్ తరచూ లెక్కల రివిజన్‌కే పోయేది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి కనుక, విడివిడిగా ఫిర్యాదు చేయడం మాని, కమిటీ సమావేశంలోనే విషయం ఎత్తి తీర్మానాన్ని మినిట్స్ పుస్తకంలో రాయించాం. ప్రధానోపాధ్యాయురాలు వెంటనే అంగీకరించారు. బీరువా తెరిపిస్తే గాలి పోయిన వాలీబాళ్లు, పిడులు ఊడిన స్కిప్పింగ్ తాళ్లు కనిపించాయి. గాలి పంపు కొని, తాళ్లకు పిడులు వేయించేసరికి చాలా సామాను పనికొచ్చింది, చందాలు అడగవలసిన అవసరమే రాలేదు.

చిరుతిళ్ల సంగతి ఇంతకంటే సున్నితమైనది. కొవ్వు, చక్కెర, ఉప్పు మితిమీరిన ప్యాకెట్ ఆహారాన్ని బడి గేటుకు 50 మీటర్ల లోపు పిల్లలకు అమ్మరాదని 2020 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. అయినా, గేటు దగ్గర చిప్స్ అమ్ముకునే అవ్వను వెళ్లగొట్టడం న్యాయం కాదని నేను గట్టిగా వాదించాను. ఉడికించిన వేరుశనక్కాయలు, గుగ్గిళ్లు, జామకాయలు పెడితే మా పిల్లల చేత అవే కొనిపిస్తామని తల్లులందరం మాట ఇచ్చిన తరువాత ఆమె సరుకు మార్చింది.

ఆడపిల్లలు మైదానంలోకి రావడానికి సంకోచిస్తున్నందున, ఆ పీరియడ్‌లో ఇద్దరేసి తల్లులం వంతులవారీగా వెళ్తున్నాం. ఖోఖో కోర్టుకు ముగ్గుతో గీతలు వేసేదీ మేమే.