భూకంపం రాకముందే నగర భవనాలను పరీక్షించుకునేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

భూకంపం ఏ రోజున వస్తుందో ముందుగా చెప్పగల విధానం ఇంతవరకు ఎవరి దగ్గరా లేదు. కానీ వచ్చినప్పుడు ఏ భవనం తట్టుకోలేదో ముందే చాలావరకు పసిగట్టవచ్చు. మన చేతిలో ఉన్నది ఈ పనే కనుక దీన్ని వాయిదా వేయడం తగదు.

భూకంప జోన్ల పటంలో తమ నగరం తక్కువ ప్రమాదపు రంగులో కనిపించగానే చాలామంది నిశ్చింతగా ఉండిపోతారు. పటం ఒక విశాల ప్రాంతానికి ఉన్న ప్రమాదాన్ని మాత్రమే సూచిస్తుంది, ఫలానా భవనం కింద ఎలాంటి మట్టి ఉందో అది చెప్పదు. 1985 సెప్టెంబరు 19న మెక్సికో నగరాన్ని కుదిపిన భూకంపం కేంద్రం అక్కడికి 350 కిలోమీటర్లకు పైగా దూరంలో, పసిఫిక్ తీరంలో ఉంది. అయినా పూర్వపు సరస్సు అడుగున పేరుకున్న మెత్తని బంకమట్టి ఆ కంపనాలను ఎన్నో రెట్లు పెంచింది. ఆ మట్టి సుమారు రెండు సెకన్లకు ఒకసారి ఊగడంతో, దానికి దగ్గరి లయలో ఊగే 6 నుంచి 15 అంతస్తుల భవనాలే ఎక్కువగా దెబ్బతిన్నాయి. అదే నగరంలో గట్టి నేల మీద కట్టిన వాటికి జరిగిన నష్టం చాలా తక్కువ. 1964లో జపాన్‌లోని నీగతాలో నీటితో నిండిన వదులు ఇసుక కుదుపులకు పట్టు కోల్పోయి ద్రవంలా మారగా, కాంక్రీటు అంతగా చెదరని అపార్టుమెంట్లు సైతం పక్కకు ఒరిగిపోయాయి. అందువల్ల భవనం సాయిల్ టెస్ట్ నివేదికను వెతికి తీయండి, లేకపోతే కొత్తగా చేయించండి. ఆ స్థలం ఒకప్పుడు చెరువా, వాగా, పూడ్చిన పల్లమా అన్నది పాత పటాల్లో చూడండి.

నేల తర్వాత చూడవలసింది కింది అంతస్తు. నా దృష్టిలో నగరాల్లోని అపార్టుమెంట్లకు ఇంతకన్నా పెద్ద బలహీనత లేదు. పై అంతస్తుల్లో ఇటుక గోడలు పిల్లర్ల మధ్య బిగుసుకుని ఉంటాయి, కింద మాత్రం పార్కింగ్ కోసం గోడలు లేకుండా పిల్లర్లనే వదిలేస్తారు. నేల కదిలినప్పుడు పైభాగం మొత్తం ఒకే దిమ్మెగా ఊగుతుంది, ఆ ఊపు వల్ల కలిగే వంపంతా కింది పిల్లర్లే భరించవలసి వస్తుంది. 2001 జనవరి 26న భుజ్ ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు, 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో కూడా ఇలాంటి అపార్టుమెంట్లు అనేకం కూలాయి. దుకాణం విశాలంగా ఉండాలని కింది గోడలు తొలగించినా, అనుమతి లేకుండా పైన అంతస్తు వేసినా, ప్లానులో లేని భారీ నీటి ట్యాంకు కట్టినా ఈ ముప్పు మరింత పెరుగుతుంది. పునాది దాకా దిగకుండా మధ్యలో దూలం మీద నిలిచిన పిల్లర్లు, సగం ఎత్తు గోడల మధ్య చిక్కుకున్న పొట్టి పిల్లర్లు, పక్క భవనానికి ఖాళీ లేకుండా ఆనుకున్న గోడలు కనిపిస్తే వాటిని కూడా రాసి ఉంచండి.

కాంక్రీటు లోపల ఉన్నది బయటి నుంచి తెలియదు. పిల్లరులో నిలువు కడ్డీలను చుట్టి ఉండే రింగులు దూలం కలిసే చోట దగ్గరదగ్గరగా ఉండాలి, వాటి కొసలు 135 డిగ్రీలు వంగి పిల్లరు లోపలికి దిగాలి. 90 డిగ్రీలకే వంచి వదిలిన కొసలు పైపొర రాలగానే విప్పుకుంటాయి. డ్రాయింగులో ఉన్నట్లే కట్టారని నమ్మకుండా కడ్డీలను గుర్తించే స్కానరుతోను, డ్రిల్లుతో తొలిచి తీసిన కాంక్రీటు ముక్కలతోను (కోర్ నమూనాలు) సరిచూడాలి. అయితే నమూనా ఎక్కడ తీయాలో స్ట్రక్చరల్ ఇంజనీరు గుర్తు పెట్టిన తర్వాతే డ్రిల్లింగ్ జరగాలి. కడ్డీ తెగకూడదు, రంధ్రాన్ని ఆరినా కుంచించుకుపోని గ్రౌటుతో (పూడ్చడానికి వాడే సిమెంటు మిశ్రమం) అదే రోజు పూడ్చాలి.

నగరమంతటికీ ఇంత లోతైన పరీక్ష ఒకేసారి సాధ్యం కాదు. అందుకే ముందుగా శిక్షణ పొందినవారు వీధి నుంచి చూసి ప్రతి భవనానికి మార్కులు వేసే పద్ధతి ఉంది, అమెరికాలో దీనికి 1988లోనే మార్గదర్శకాలు వెలువడ్డాయి. ఆసుపత్రులు, పాఠశాలలు, అగ్నిమాపక కేంద్రాలను ఇందులో ముందు వరుసలో ఉంచాలి. కానీ ఈ మార్కులు లోతుగా పరీక్షించవలసిన వాటిని వేరు చేయడానికే పనికివస్తాయి. మంచి మార్కులు వచ్చిన భవనం సురక్షితమని ధ్రువీకరించినట్లు ఎవరైనా చెబితే అంగీకరించకండి.

నిర్మాణ నియమావళి పాటించామన్న మాటను కూడా సరిగ్గా అర్థం చేసుకోవాలి. మామూలు నివాస భవనం పెద్ద భూకంపంలో పగుళ్లు తిని పనికిరాకుండా పోయినా, కూలిపోకుండా లోపలివారిని బతికి బయటపడనివ్వాలన్నదే ఆ నియమాల ముఖ్య లక్ష్యం. మరునాడు కూడా రోగులను చూడవలసిన ఆసుపత్రికి అది చాలదు, కాబట్టి అక్కడ ఇంజనీరును అంతకన్నా ఎక్కువ స్థాయికి లెక్క కట్టమని అడగాలి.

బలహీనత తేలిన తర్వాత తొందరపడి నాలుగు పిల్లర్లకు మాత్రం మందం పెంచితే, భారం తగిన బలం లేని మరో చోటికి మళ్లవచ్చు. కింది అంతస్తులో కాంక్రీటు గోడలు చేర్చాలా, ఉక్కు బ్రేసింగ్ (పిల్లర్ల మధ్య ఏటవాలు కడ్డీలు) అమర్చాలా, పిల్లర్లకు జాకెటింగ్ (చుట్టూ అదనపు పొర) చేయాలా అన్నది భవనం మొత్తానికి విశ్లేషణ చేశాకే నిర్ణయించాలి. ఆ నివేదిక ప్రతిని యజమానులతో పాటు అద్దెకు ఉన్నవారికి కూడా ఇవ్వాలి, ఎందుకంటే రాత్రివేళ ఆ కప్పు కింద నిద్రపోయేవారిలో వారూ ఉంటారు.