మోటార్‌హోమ్ అటక పడకకు చెమ్మ పడితే బాగుచేసుకోవడం ఎలా?

బ్రిటన్‌లో కనిపించే పాత మోటార్‌హోమ్‌లలో (పడక, వంటగది ఉండి ఇల్లులా వాడుకునే బండ్లలో) చాలావాటికి డ్రైవరు సీటు పైన ముందుకు పొడుచుకొచ్చిన అటకలాంటి భాగం ఒకటి ఉంటుంది. ల్యూటన్ పట్టణం పేరుమీద దానిని అక్కడివారు ల్యూటన్ అనే పిలుస్తారు. అందులో ఇద్దరు పడుకునే పరుపు అమరుతుంది. పిల్లలకు అది ఎంతో ఇష్టమైన చోటు. అయితే బండి మొత్తంలో చెమ్మ ముందుగా పట్టేది కూడా తరచుగా అక్కడే. పరుగెత్తే బండికి ఎదురుగాలి, వానజల్లు నేరుగా తగిలేది ఆ ముందరి గోడకే. గాలి ఆడనిది కూడా ఆ మూలే.

మేము కొన్న పాత బండిలో ఆ గోడకు తెల్లటి కొత్త కాగితం నీటుగా అంటించి ఉంది. పరుపు ఎత్తి చూస్తే అడుగు గుడ్డ నిండా ఆవాలు చల్లినట్టు నల్లటి బూజు చుక్కలు కనిపించాయి. కుడి మూలన గోడను బొటనవేలితో నొక్కితే ప్లైవుడ్ నానిన అట్టలా లోపలికి దిగబడింది. చెమ్మ మీద వేసిన అందం ఏదైనా చెమ్మను దాచిపెడుతుంది, దాచిన చోట చెక్క మరింత త్వరగా కుళ్లుతుంది. అందుకే ఈ పనికి ఒక వరుస ఉంది: ముందు తడికి కారణం కనుక్కోవాలి, తరువాత దారి మూయాలి, ఆపైన పూర్తిగా ఆరబెట్టాలి, కొత్త గోడ, కొత్త పరుపు ఆ తరువాతే.

లోపలి ఆవిరా, బయటి వానా?

చల్లటి నీళ్లు పోసిన స్టీలు గ్లాసు బయటివైపు చెమర్చడం మనకు తెలిసినదే. చలికాలపు రాత్రి మోటార్‌హోమ్ గోడ ఆ గ్లాసులాగే ప్రవర్తిస్తుంది. లోపలి గాలి 20 డిగ్రీల వేడితో, 60 శాతం తేమతో ఉన్నప్పుడు 12 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ఏ ఉపరితలం మీదనైనా నీరు పేరుతుంది. నిద్రపోయే ఇద్దరి ఊపిరి, చెమటల నుంచే ఒక రాత్రిలో అర లీటరు దాకా నీరు గాలిలో కలుస్తుంది. వంట గ్యాసు సంగతి చాలామందికి తెలియదు: ఒక కిలో ప్రొపేన్ మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది.

వాన పడని రోజుల్లో కూడా ఉదయాన్నే పరుపు అడుగుభాగమంతా తడిగా ఉంటే అది చాలావరకు ఆవిరి వల్ల వచ్చినదే. ఒకే మూలన గోధుమరంగు మరక ఉండి, వాన వచ్చినప్పుడల్లా అది పెరుగుతూ ఉంటే బండి కురుస్తోందని అర్థం. అనుమానం తీరకపోతే అరచేయంత అల్యూమినియం ఫాయిల్ ముక్కను నాలుగు అంచులూ టేపుతో మూసి గోడకు అంటించి, రెండు రోజులు ఆగి చూడండి. ఫాయిల్ పైన తడి ఉంటే అది గదిలోని ఆవిరి. వెనుక తడి ఉంటే అది గోడలోనుంచి వస్తున్న చెమ్మ.

గోడకు గుచ్చి లోపలి తడిని కొలిచే, రెండు ముళ్లుండే చిన్న మాయిశ్చర్ మీటరు ఒకటి కొనుక్కోవడం మంచిది. సాధారణంగా 15 శాతం లోపు అంకె వస్తే గోడ పొడిగా ఉన్నట్టు; 15 నుంచి 20 మధ్య వస్తే కనిపెట్టి ఉండాలి; 20 దాటితే కారణం వెతకాలి; 30 దాటితే లోపలి చెక్క దెబ్బతిని ఉండే అవకాశం ఎక్కువ. ముల్లు స్క్రూకు గాని రేకుకు గాని తగిలితే అంకె అబద్ధంగా ఎక్కువ చూపిస్తుంది కనుక పక్కపక్కన మూడు నాలుగు చోట్ల కొలవాలి.

నీటి దారిని పట్టుకోవడం

పాత మిద్దె ఇంట్లో స్లాబు పగులు ఒకచోట ఉంటే బొట్టు ఇంకోచోట పడుతుంది. ఇక్కడా అంతే. లోపల మరక ఉన్న చోటుకు సరిగ్గా ఎదురుగా బయట రంధ్రం ఉంటుందని అనుకోకండి. దానికన్నా పైన ఎక్కడో ఉంటుంది. పైకప్పు, ముందు గోడ కలిసే అతుకు, ఆ అతుకుల మీద స్క్రూలతో బిగించిన అల్యూమినియం పట్టీలు, కిటికీ చుట్టూ ఉండే రబ్బరు, ముందువైపు ఎత్తున ఉండే చిన్న దీపాలు, పైకప్పు కిటికీ: వీటిని వరుసగా పరీక్షించాలి. ఏళ్లు గడిచాక నీరు చొరకుండా అతుకుల లోపల నింపిన సీలెంటు ఎండి బీటలు వారుతుంది, స్క్రూలు తుప్పు పడతాయి.

ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చోవాలి, మరొకరు గొట్టంతో నీటిని నెమ్మదిగా వదలాలి. కింది అతుకుతో మొదలుపెట్టి ఒక్కో చోట పది నిమిషాలు ఆగుతూ పైకి వెళ్లాలి. పైనుంచి మొదలుపెడితే నీరు అన్నింటి మీదుగా జారి ఏది కారిందో తెలియకుండా పోతుంది. ఒత్తిడితో చిమ్మే ప్రెషర్ వాషర్‌ను మాత్రం వాడకూడదు. మంచి అతుకులోకి కూడా అది నీటిని ఎక్కిస్తుంది.

దారి దొరికాక పట్టీని విప్పి, పాత సీలెంటును ప్లాస్టిక్ గీకుడు పలకతో పూర్తిగా తీసివేయాలి. ఇనుప బ్లేడు రేకును, రంగును గీరుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, ఆరనిచ్చి, రబ్బరులా మెత్తగా ఉండి నీటిని ఆపే కొత్త బ్యూటైల్ టేపు పరిచి, తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలతో బిగించాలి. బాత్రూముల్లో వాడే సిలికాన్‌ను పూయకండి. దాని మీద మరే సీలెంటూ అంటుకోదు, తరువాత బాగుచేసేవారికి అది పెద్ద తలనొప్పి.

విప్పడం, ఆరబెట్టడం

గోడ కోసేముందు బయటి నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటు తీగను ప్లగ్గు నుంచి తీసి, 12 వోల్టుల బ్యాటరీని కూడా వేరుచేయాలి. ఆ గోడ వెనుకే దీపాల తీగలు పోతుంటాయి. బూజు ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు కనుక సన్నటి ధూళిని వడకట్టే ఎఫ్ఎఫ్‌పీ2 లేదా ఎఫ్ఎఫ్‌పీ3 రకం మాస్కు, చేతికి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

మెత్తబడిన ప్లైవుడ్‌ను చిన్న చిన్న ముక్కలుగా కోసి తీస్తే వెనుక థర్మోకోల్ పలకలు, సన్నటి చెక్క చట్రం కనిపిస్తాయి. స్క్రూడ్రైవర్ మొనతో చట్రాన్ని గుచ్చుతూ పోవాలి. మొన దిగిందంటే ఆ చెక్క పోయినట్టే. గట్టి చెక్క తగిలేవరకు దానిని తొలగించాలి. మూల స్తంభాలు బారెడు పొడవున కుళ్లిపోయి ఉంటే మాత్రం సొంతంగా చేయబోకుండా అనుభవం ఉన్న పనివారికి అప్పగించండి, ఎందుకంటే పడక మీద పడుకునేవారి బరువు ఆ చట్రమే మోస్తుంది.

ఇక ఆరబెట్టడం. అందరూ తొందరపడేది ఇక్కడే, పని చెడేది కూడా ఇక్కడే. పైకి పొడిగా కనిపించే చెక్క లోపల తడిగానే ఉంటుంది. గాలిలోని తేమను లాగే డీహ్యూమిడిఫైయర్ యంత్రం పెట్టి, తెరిచిన కిటికీలు మూసి, రోజూ మీటరుతో కొలిచి రాసుకోవాలి. చలికాలంలో కంప్రెసర్‌తో నడిచే రకంకన్నా తేమ పీల్చే పదార్థంతో పనిచేసే డెసికెంట్ రకమే బాగా పనిచేస్తుంది. రెండు వారాలు పట్టవచ్చు, ఆరు వారాలూ పట్టవచ్చు. అంకె 15 లోపుకు దిగి, వారం పాటు అక్కడే నిలిచేదాకా ఏదీ మూయకండి. మాకు ఐదో వారంలో గాని ఆ కుడి మూల దిగిరాలేదు.

మళ్లీ కట్టడం

తీసిన చట్రం స్థానంలో చెదలు, బూజు పట్టకుండా మందు ఎక్కించిన చెక్కను పాలియురెథేన్ జిగురుతో అతికించాలి. ఖాళీల్లో నీరు పీల్చని ఎక్స్‌పీఎస్ రకం నురుగు పలకలను సందు లేకుండా అమర్చాలి. దూదిలాంటి ఇన్సులేషన్ తడిని పట్టి ఉంచుతుంది. దానిమీద వినైల్ పూతగల 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బిగిస్తే గోడ పని ముగుస్తుంది.

పడక బల్ల విషయంలో శ్రద్ధ అవసరం. గట్టి పలక మీద నేరుగా పరుపు వేస్తే శరీరపు ఆవిరి కిందికి దిగి, చల్లటి పలక దగ్గర నీరుగా మారుతుంది. పలక తీసి సన్నటి చెక్క బద్దలను మధ్యలో సందులు వదిలి అమర్చడం మేలు. అందుకు ఎత్తు చాలకపోతే పరుపు కింద గాలి ఆడే మందపాటి జాలీ చాపను పరవవచ్చు. పరుపు గోడకు ఆనకుండా రెండు వేళ్ల సందు వదలాలి. బూజు పట్టిన పాత పరుపును కడిగి వాడాలని చూడకండి. స్పాంజి లోపలికి దిగిన బూజు పూర్తిగా పోదు.

పడుకునేటప్పుడు ఎంత చలిగా ఉన్నా పైకప్పు కిటికీని రవ్వంత తెరిచి ఉంచాలి. గ్యాసు పొయ్యి ఉన్న బండిలో నేలకు, పైకప్పుకు ఉండే శాశ్వత గాలి రంధ్రాలను చలి పేరుతో గుడ్డలు కుక్కి మూయడం ప్రాణాపాయం. కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో కూడా చూసుకోవాలి. శీతాకాలంలో బండిని నిలిపి ఉంచినప్పుడు పరుపును నిలువుగా ఆనించి, అరల తలుపులన్నీ తెరిచి పెట్టండి.

కొత్త గోడ మీద నాలుగైదు చోట్ల పెన్సిలుతో చిన్న చుక్కలు పెట్టి, మొదటి పెద్ద వాన కురిసిన మర్నాడు, ఆపైన నెలకోసారి, సరిగ్గా అవే చుక్కల దగ్గర మీటరు పెట్టి అంకెలను తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. బొటనవేలికి తెలియడానికి ఎన్నో నెలల ముందే ఆ అంకెల్లో తేడా కనిపిస్తుంది.